తొట్టిలో నీళ్లను బట్టే దోమ

మలేరియా విభాగంలో ఇన్‌సెక్ట్ కలెక్టరుగా చేరి, దోమల పనిలోనే రిటైరయ్యాను. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చిన పిల్లలు ఇప్పటికీ ఫోను చేస్తుంటారు. వాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: “సార్, ఫలానా వార్డులో దోమలు తక్కువే, డెంగీ కేసులు మాత్రం ఎక్కువ. పక్క వార్డులో దోమలు ముసురుకుంటున్నాయి, జ్వరాలు లేవు. ఇదెలా?” దీనికి కారణాలు చాలా ఉంటాయి. ఆ ఊళ్లో ఎంతమందికి ముందే ఆ జ్వరం వచ్చి పోయిందన్నది ఒకటి. కుట్టేది ఏ జాతి దోమ అన్నది ఇంకొకటి. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది మరొకటుంది. ఆ దోమ ఎలాంటి నీళ్లలో పెరిగిందన్నది. దాని గురించే నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

1. దోమ ఒళ్లు నీళ్లలోనే తయారవుతుంది.

డెంగీ రోగిని కుట్టిన ప్రతి దోమా డెంగీని మోసుకుపోదు. రక్తంతోపాటు మింగిన వైరస్ ముందు దాని పొట్టగోడ కణాల్లోకి చొరబడాలి. అక్కడ పెరగాలి. పొట్టను చుట్టి ఉన్న పలచని పొరను దాటి ఒంట్లోకి రావాలి. అక్కడినుంచి లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. అప్పుడే ఆ దోమ ఇంకొకరిని కుట్టినప్పుడు ఉమ్మితోపాటు వైరస్ దిగుతుంది. మన వాతావరణంలో ఈ ప్రయాణానికి సుమారు ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా ఆ దోమ దురద పెట్టి పోతుందే తప్ప జ్వరం పెట్టలేదు.

ఈ అడ్డుగోడలు ఎంత గట్టిగా ఉంటాయన్నది కొంత దోమ వంశాన్ని బట్టి, కొంత వైరస్ రకాన్ని బట్టి ఉంటుంది. మిగిలినది అది లార్వాగా బతికిన ఆ కాసిని రోజుల మీద ఆధారపడుతుంది. రెక్కలొచ్చాక దోమ సైజు పెరగదు. ఎంత పెరగాలన్నా, ఒంట్లో ఎంత కొవ్వు, ఎంత ప్రొటీన్ దాచుకోవాలన్నా నీళ్లలో ఉన్నప్పుడే. అందుకే దోమను చూసి భయపడే ముందు అది వచ్చిన నీళ్లను చూడమంటాను.

ఈ పద్ధతికి మన హైదరాబాదులోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1897లో సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ మలేరియా మీద పని చేస్తున్నప్పుడు, ఎక్కడెక్కడో కుట్టి వచ్చిన దోమలను నమ్ముకోలేదు. లార్వాలను తెప్పించి సీసాల్లో పెంచి, వాటి నుంచి వచ్చిన దోమలను హుసేన్ ఖాన్ అనే రోగి మీద వదిలాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. డెంగీ సంగతి వేరు, అది వైరస్. కానీ దోమ కథ నీళ్ల దగ్గర మొదలుపెట్టాలన్న క్రమశిక్షణ రెండింటికీ ఒకటే.

2. బక్కదోమను తేలిగ్గా తీసుకోవద్దు.

డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై ఆడదోమల రెక్కలు కొలిస్తే రెండు మిల్లీమీటర్ల చిల్లర నుంచి మూడు మిల్లీమీటర్ల పైదాకా తేడా కనిపిస్తుంది. ఒకే వీధిలో, ఒకే వారంలో పట్టిన దోమల్లోనే ఇంత తేడా ఉంటుంది. తిండి దొరికిన లార్వా వారం రోజుల్లో ప్యూపా దశ కూడా దాటి ఎగిరిపోతుంది. తిండి దొరకనిది వారాల తరబడి ఈడ్చి ఈడ్చి, చివరికి గింజంత దోమగా బయటికొస్తుంది. అలాంటి దోమను చూస్తే ఎవరికైనా జాలే కలుగుతుంది. ఇదేం చేస్తుందిలే అనిపిస్తుంది.

1984లో అమెరికాలోని ఇండియానాలో గ్రిమ్‌స్టాడ్, హారమిస్ అనే శాస్త్రజ్ఞులు చెట్టుతొర్రల్లో పెరిగే ఒక దోమను తీసుకుని, లార్వాలకు తిండి తగ్గించి పెంచారు. ఆ బక్కదోమలు లాక్రాస్ అనే మెదడువాపు వైరస్‌ను బాగా తిన్న దోమలకంటే ఎక్కువగా అంటించాయి. కొన్నేళ్ల తర్వాత గ్రిమ్‌స్టాడే, వాకర్‌తో కలిసి కారణం వెతికాడు. పొట్టను చుట్టి ఉండే పొర ఆకలితో పెరిగిన దోమల్లో పలచగా ఉంది. నేత పలచబడ్డ గుడ్డలో పిండి నిలవనట్టు, ఆ పొరలో వైరస్ ఆగలేదు.

ఇంకో సంగతి. బక్కదోమ ఒంట్లో నిల్వలు ఉండవు. గుడ్లు పెట్టడానికి పెద్ద దోమకు ఒక్కసారి తాగిన రక్తం చాలినా, దీనికి చాలాసార్లు రెండోసారి కావాల్సి వస్తుంది. అంటే ఒక విడత గుడ్లకే ఇద్దరు ముగ్గురిని కుడుతుంది. డెంగీ దోమ అసలే పగటిపూట కుట్టేది. మనం చెయ్యి విదిలిస్తే లేచి పక్కవాళ్ల మీద వాలుతుంది. ఆకలి కూడా తోడైతే ఒక ఇంట్లో ఒకరి వెనక ఒకరు మంచం ఎక్కడానికి ఆశ్చర్యపోనక్కర్లేదు.

అయితే ఇది అన్ని దోమలకూ, అన్ని వైరస్‌లకూ వర్తించే సూత్రం కాదు. పెద్ద దోమలకే వైరస్ ఎక్కువగా అంటిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. పెద్ద దోమ ఎక్కువ రక్తం తాగుతుంది, కాబట్టి ఎక్కువ వైరస్ మింగుతుంది. బక్కదోమ తొందరగా చచ్చిపోతుంది కూడా. ఈ రెండు వైపులనూ తూచి చూడకుండా “చిన్న దోమే ప్రమాదం” అని గోడల మీద రాయడం తప్పు. నా మాట ఇంతవరకే: సైజు చూసి దోమను మినహాయించకండి.

3. సగం పని చేయవద్దు.

అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఒక సిమెంటు తొట్టి ఊహించుకోండి. అందులో వందల లార్వాలు. తిండి కొంచెమే, నోళ్లు ఎక్కువ. మీరు పోయి సగం నీళ్లు పారబోశారు. లేదా వలతో అందినన్ని తీసేశారు. లేదా నీటికి చాలని మందు వేశారు. సగం చచ్చాయి. రిజిస్టరులో “తొట్టి శుద్ధి చేయబడినది” అని రాశారు. మిగిలిన సగానికి ఏమైంది? వాటికి తిండి రెట్టింపైంది, చోటు రెట్టింపైంది. ఆకలితో చావాల్సినవి కూడా బతికి బయటపడ్డాయి. అవి ముందుకంటే త్వరగా, ముందుకంటే బలంగా ఎగిరాయి. ఇది నా ఊహ కాదు. 1984లో అగుడెలో సిల్వా, స్పీల్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సరిగ్గా ఇదే చేసి చూశారు. కిక్కిరిసిన నీళ్లలోంచి కొన్ని లార్వాలను తీసేస్తే, దోమలు తగ్గకపోవడమే కాదు, కొన్నిసార్లు పెరిగాయి.

పోనీ, తీయకుండా రద్దీగానే వదిలేద్దామా అంటే అదీ కుదరదు. ఫ్లోరిడాలో బ్యారీ ఆల్టో, ఫిలిప్ లౌనిబాస్, వారి సహచరులు 2008లో ప్రచురించిన పనిలో లార్వాలను రద్దీగా పెంచి, దోమలయ్యాక డెంగీ వైరస్ కలిపిన రక్తం తాగించారు. చిన్న సైజు ఆడదోమలకు డెంగీ ఎక్కువగా అంటింది, ఒళ్లంతా ఎక్కువగా పాకింది. టైగర్ దోమ అని పిలిచే ఏడిస్ ఆల్బోపిక్టస్‌లో రద్దీ ప్రభావం స్పష్టంగా కనిపించింది.

రద్దీగా వదిలేస్తే వైరస్‌కు లొంగే దోమలు వస్తాయి. సగం ఖాళీ చేస్తే ఎక్కువ రోజులు బతికే దోమలు వస్తాయి. రెండింటిలో ఏది నయమని అడిగితే, రెండూ వద్దంటాను. తొట్టి పూర్తిగా ఖాళీ కావాలి. ఖాళీ అయ్యాక లోపలి గోడలను కొబ్బరిపీచుతోనో గరుకు బ్రష్షుతోనో రుద్దాలి. ఏడిస్ తన గుడ్లను నీళ్లలో వేయదు, నీటిమట్టానికి కాస్త పైన తడిగోడకు అంటిస్తుంది. ఆ నల్లటి గుడ్లు ఎండిపోయిన తొట్టిలో నెలల తరబడి బతికుండి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. నీళ్లు మాత్రమే పారబోసి గోడ రుద్దకపోతే, మరుసటి దఫా నీళ్లు పట్టే రోజుకు లార్వాలను మనమే సిద్ధంగా ఉంచినట్టు.

4. “శుభ్రమైన నీళ్లు” అంటే తిండి లేని నీళ్లు కాదు.

డెంగీ దోమ శుభ్రమైన నీటిలో పెరుగుతుందని మనమే ప్రచారం చేశాం. మురుగుకాలవ వైపు తప్ప ఇంట్లో డ్రమ్ము వైపు చూడనివాళ్లకు అది పనికొచ్చింది. కానీ దాన్ని అక్షరాలా నమ్మితే ఇబ్బంది. తేటగా కనిపించే నీళ్లలోనూ తొట్టి గోడకు సన్నటి పాచి పడుతుంది. ఆ పాచిలోని సూక్ష్మజీవులే లార్వా తిండి. గాలికి కొట్టుకొచ్చి పడిన వేపాకు, మామిడి పూత, చచ్చిన చీమ, అన్నీ కుళ్లి తిండి అవుతాయి. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ల వాసనకు గుడ్లు పెట్టే ఆడదోమ వెతుక్కుంటూ వస్తుంది. దోమల గుడ్లు పట్టే ఉచ్చుల్లో మేం వాడేది కూడా ఆ నీళ్లనే. చెట్టుకింద ఉన్న గోలెం, ఎండలో ఉన్న గోలెం ఒకటి కాదు. చూసేటప్పుడు నీటి రంగు కాదు, అడుగున ఏం పేరుకుందో చూడండి.

5. నీటి వేడి వేరు, గాలి వేడి వేరు.

వేడి పెరిగితే డెంగీ పెరుగుతుందని అందరూ అంటారు. దోమ ఎగిరే వయసుకు సంబంధించి అది చాలావరకు నిజం. 1987లో వాట్స్ బృందం థాయ్‌లాండ్‌లో చేసిన ప్రయోగంలో, వైరస్ మింగిన ఏడిస్ దోమను 30 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచితే అంటించే స్థితికి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. 32 నుంచి 35 డిగ్రీల్లో ఏడు రోజులు చాలాయి. ఆ అయిదు రోజుల తేడా చిన్నది కాదు. అన్ని రోజులు బతకలేక వైరస్ అంటించకుండానే చచ్చిపోవాల్సిన దోమలు, వేడిలో చావుకు ముందే అంటించగలుగుతాయి.

నీటిలో ఉన్నప్పటి వేడి మాత్రం ఇంకో రకంగా పని చేస్తుంది. 2010లో వెస్ట్‌బ్రూక్, ఆమె సహచరులు టైగర్ దోమ లార్వాలను వేర్వేరు వేడిమిలో పెంచి, దోమలయ్యాక చికున్‌గున్యా వైరస్ తాగించారు. 18 డిగ్రీల నీటిలో పెరిగిన దోమలకు, 32 డిగ్రీల నీటిలో పెరిగిన వాటికంటే ఆ వైరస్ అంటే అవకాశం ఆరు రెట్లు ఎక్కువగా తేలింది. చల్లని నీళ్లలో నిదానంగా పెరిగినవి సైజులో కూడా పెద్దవి. రెండో పాఠంలో బక్కదోమ గురించి చెప్పాను, ఇక్కడ పెద్ద దోమ గురించి చెబుతున్నాను. అందుకే ఈ విషయంలో ఒక్క ముక్కలో తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను.

మన ఇళ్లకు వద్దాం. మేడమీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఏప్రిల్‌లో కాగిపోతుంది, మూత సందులోంచి దోమ దూరినా అందులో లార్వాలు బతకడం కష్టం. అదే ఇంట్లో నేల కింద సంపు నీళ్లు చల్లగా, చీకటిగా ఉంటాయి. వాన మొదలయ్యాక రెండూ దగ్గర దగ్గరగా వస్తాయి. మన దగ్గర డెంగీ కేసులు వానల వెనకాలే పెరిగి, శీతాకాలం ముందుదాకా సాగుతాయి. ఆ నెలల్లో నీళ్లు మరీ కాగవు, గాలి మరీ చల్లబడదు. దోమకు రెండు వైపులా అనుకూలమే. సంపు మూతల గురించి జూన్‌లోనే మాట్లాడాలి, కేసులు వచ్చాక కాదు.

6. మందు కొలిచి వేయండి, లేకపోతే వేయకండి.

లార్వాలను చంపడానికి నీళ్లలో వేసే టెమిఫాస్‌ను ఊళ్లలో అబేట్ మందు అంటారు. తాగేందుకు నిల్వ చేసే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా వాడాలన్నది నియమం. ఒక శాతం గుళికలైతే వెయ్యి లీటర్లకు వంద గ్రాములు. మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న గుండ్రటి రింగుల తొట్టిలో నిండా నీళ్లుంటే సుమారు 785 లీటర్లు. దానికి 78 గ్రాముల చిల్లర పడాలి. ఈ లెక్క అయిదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. అయినా చేతికొచ్చినంత చల్లి వెళ్లిపోవడం చాలా చోట్ల చూశాను. ఎండలో ఇల్లిల్లూ తిరిగి తిరిగి అలసిపోయిన మనిషి చేసే పని అది. ఆ మనిషిని తిట్టడం నా ఉద్దేశం కాదు. అతనికి కొలచెంచా ఇవ్వని వ్యవస్థను అడగాలి.

చాలని మందు ఎందుకు ప్రమాదం? చావకుండా మిగిలినవి మందుకు తట్టుకునేవి. వాటి పిల్లలూ అంతే. ఏడిస్‌కు టెమిఫాస్ పని చేయని పరిస్థితి చాలా దేశాల్లో వచ్చింది. ఇది అందరికీ తెలిసిన ప్రమాదం. తెలియనిది ఇంకొకటుంది. 2011లో అమెరికాలో మ్యుటురి, ఆల్టో లార్వా దశలో కొద్ది మోతాదు మలాథియాన్ అనే పురుగుమందు తగిలి బతికిన ఏడిస్ దోమలను పరీక్షించారు. కొన్ని ఉష్ణోగ్రతల్లో పెరిగినవాటిలో సింధ్‌బిస్ అనే వైరస్ మందు తగలని దోమల్లో కంటే ఎక్కువగా పాకింది. విషం తగిలి బతికిన పురుగు ఒంట్లో రక్షణ శక్తి కూడా మారిపోతుందన్నమాట. చంపలేని మోతాదు వేస్తే మనం దోమను తగ్గించడం లేదు, దాన్ని మార్చి పంపుతున్నాం.

ఇంకో జాగ్రత్త. మందు వేసిన తొట్టిలో రోజూ నీళ్లు వాడి, రోజూ నింపుతుంటే మందు పలచబడిపోతుంది. వేసిన తేదీ తొట్టి మీద సుద్దతో రాయడంతోపాటు, ఆ ఇంటి ఆడవాళ్లను “అమ్మా, ఇది ఎన్నాళ్లకోసారి నింపుతారు?” అని అడగండి. వాళ్లు చెప్పే జవాబు మీ పట్టికలో ఉండదు, కానీ మందు పని చేస్తుందో లేదో తేల్చేది అదే.

7. నీటిలోని సూక్ష్మజీవులు దోమతోపాటు ఎగురుతాయి.

లార్వా ప్యూపా అయ్యేటప్పుడు, ప్యూపా దోమ అయ్యేటప్పుడు పొట్టలోని చాలా బ్యాక్టీరియా బయటికి పోతుంది. అందుకే నీళ్ల ప్రభావం అక్కడితో అయిపోతుందని అనుకునేవారు. 2017లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు ఈ నమ్మకాన్ని కదిపారు. ఆఫ్రికాలోని గబాన్‌లో ఇళ్ల దగ్గర ఉన్న నీటి పాత్రల నుంచి, అడవిలోని నీటి గుంటల నుంచి వేర్వేరు బ్యాక్టీరియాలను తెచ్చి, ఒక్కో రకంతో ఏడిస్ లార్వాలను పెంచారు. దోమలయ్యాక వాటి సైజు, ఒంట్లో బ్యాక్టీరియాను ఎదిరించే శక్తి, డెంగీ వైరస్ ఒంట్లో ఎంత పెరుగుతుందన్నది, అన్నీ లార్వాగా ఉన్నప్పుడు కలిసి బతికిన బ్యాక్టీరియాను బట్టి మారాయి. రెండు తొట్ల నీళ్లు కంటికి ఒకేలా ఉండవచ్చు, వాటిలో పెరిగిన దోమలు ఒకేలా ఉండకపోవచ్చు.

8. ఎన్ని దోమలు అన్నదానికంటే ఎన్నాళ్లు బతుకుతాయన్నది ముఖ్యం.

ఒక లెక్క చూడండి. రోజుకు వందలో తొంభై బతికే దోమల గుంపు ఉందనుకుందాం. పది రోజుల తర్వాత వందకు దాదాపు 35 మిగులుతాయి. రోజుకు వందలో ఎనభై బతికే గుంపు అయితే, పది రోజుల తర్వాత పదకొండే మిగులుతాయి. వైరస్ లాలాజలానికి చేరేది సుమారు ఆ పది రోజులకే. రోజువారీ చావులో పది శాతం తేడా, చివరికి అంటించగల దోమల్లో మూడింతల తేడా అవుతుంది. దోమ ఆయుష్షును నిర్ణయించే వాటిలో లార్వా తిండి ఒకటి. అందుకే తిండి బాగా దొరికే ఒక పెద్ద తొట్టి, ఆకలితో మాడే పది చిన్న డబ్బాలకంటే ఎక్కువ నష్టం చేయవచ్చు.

మన సర్వేల్లో హౌస్ ఇండెక్స్ రాస్తాం. వంద ఇళ్లలో ఎన్నింటిలో లార్వా దొరికిందన్న లెక్క అది. కూలర్ అడుగున రెండు లార్వాలున్న ఇల్లూ, సంపులో వందల ప్యూపాలున్న ఇల్లూ అందులో సమానమే. ప్యూపాలను విడిగా లెక్కపెట్టమని నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాళ్లకూ చెప్పాను. ప్యూపా తిండి తినదు, రెండు రోజుల్లో ఎగిరిపోతుంది. అది ఎక్కడ ఎక్కువుందో అక్కడే రేపటి దోమలు ఉన్నాయి. లెక్కపెట్టి చూస్తే ఊళ్లో దోమల్లో పెద్ద వాటా కొద్దిపాటి పెద్ద పాత్రల నుంచే వస్తుందని తెలుస్తుంది.

9. మెదడువాపు దోమ నీళ్లు పొలంలో ఉంటాయి.

డెంగీ దగ్గరే ఆగిపోతే పల్లెలకు అన్యాయం చేసినవాణ్నవుతాను. జపనీస్ మెదడువాపును మోసే క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ వరిమళ్లలో పెరుగుతుంది. పందులు, కొంగల ఒంట్లో వైరస్ పెరుగుతుంది, దోమ దాన్ని పిల్లలకు చేరుస్తుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట 1955లో వెల్లూరు ప్రాంతంలో గుర్తించారు. తెలుగు జిల్లాల్లో దీనివల్ల బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులను చూశాను. ప్రాణాలతో బయటపడి కూడా మాట పోయిన, నడక పోయిన పిల్లలను చూశాను. ఆ ఇళ్లు ఇప్పటికీ కళ్లముందు మెదులుతాయి.

నాట్లు వేసిన తొలి వారాల్లో మడి నీళ్లకు ఎండ తగులుతుంది, యూరియా పడుతుంది, నాచు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. లార్వాలకు అది పండగ. మదురైలోని వైద్య కీటకశాస్త్ర పరిశోధన కేంద్రం వారు యూరియా వేసిన మళ్లలో ఈ లార్వాలు పెరగడాన్ని చూపించారు. వేపపిండి కలిపిన యూరియా, మధ్యమధ్యలో మడిని ఆరబెట్టే పద్ధతి లార్వాలను తగ్గిస్తాయని కూడా వాళ్లే చూపించారు. ఆరుతడి పద్ధతి నీళ్లను కూడా ఆదా చేస్తుంది. వ్యవసాయ అధికారి, ఆరోగ్య అధికారి ఒకే రైతు దగ్గరకు వెళ్లి రెండు వేర్వేరు మాటలు చెప్పడం మానుకుని, ఈ ఒక్క విషయంలోనైనా కలిసి వెళ్తే బాగుంటుంది.

పిల్లలకు మెదడువాపు టీకా ఇచ్చే జిల్లాల్లో ఉన్నవాళ్లు రెండు డోసులూ తప్పకుండా వేయించండి. దోమల పని ఎంత చేసినా టీకాకు అది ప్రత్యామ్నాయం కాదు.

10. కొత్త ఉపాయానికీ నీళ్ల పరీక్ష తప్పదు.

వోల్బాకియా అనే బ్యాక్టీరియాను ఏడిస్ దోమల్లోకి ఎక్కిస్తే వాటిలో డెంగీ వైరస్ సరిగా పెరగదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో అలాంటి దోమలను వదిలి చేసిన పెద్ద పరీక్షలో డెంగీ కేసులు 77 శాతం తగ్గాయని 2021లో ఫలితాలు వచ్చాయి. మన పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ కూడా ఇలాంటి దోమ రకాలను తయారు చేసింది. ఈ పని మీద నాకు చాలా ఆశ ఉంది.

అయితే మెల్‌బోర్న్ శాస్త్రజ్ఞులు 2017లో ఒక హెచ్చరిక చేశారు. వోల్బాకియా ఉన్న లార్వాలను పగలు 37 డిగ్రీలకు వేడెక్కి, రాత్రి 26కు చల్లబడే నీళ్లలో పెంచితే, డబ్ల్యూమెల్ అనే వోల్బాకియా రకం వాటి ఒంట్లో బాగా తగ్గిపోయింది. రాయలసీమలో, తెలంగాణలో మే నెల డ్రమ్ము నీళ్లు ఎంత వేడెక్కుతాయో మనకు తెలుసు. వేడిని తట్టుకునే వేరే రకం కూడా ఉంది, మలేషియాలో దాన్నే వాడారు. ఏ రకం మన దగ్గర నిలుస్తుందో తేల్చాలంటే ప్రయోగశాల గది వేడి సరిపోదు. మన మేడమీది తొట్టి నీటి వేడి కొలవాలి.

11. జనాన్ని నిందించి డెంగీని తగ్గించలేం.

నాలుగు రోజులకోసారి నల్లా వచ్చే కాలనీలో, డ్రమ్ములు లేకుండా బతకమని ఎలా చెబుతాం? నీళ్లు దండిగా ఉన్న చోటకంటే నీళ్లకు కటకటలాడే చోటనే డెంగీ దోమకు తొట్లు ఎక్కువ దొరుకుతాయి. డ్రమ్ములో నీళ్లు రోజుల తరబడి కదలకుండా ఉంటాయి, లార్వా పెరగడానికి కావలసిన వారం దొరుకుతుంది. 2006లో చికున్‌గున్యా మన జిల్లాలను ముంచెత్తినప్పుడు కీళ్లు పట్టుకుపోయి కుంటుతూనే ఆడవాళ్లు బిందెలతో వరసలో నిలబడటం చూశాను. అంతకుముందు 1965లో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిల్లోనూ ఆ జ్వరం వచ్చి పోయింది. నలభై ఏళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి డ్రమ్ములు, పాత టైర్లు, ప్లాస్టిక్ డబ్బాలు ఊరూరా పెరిగిపోయి ఉన్నాయి.

కాబట్టి నీటి సరఫరా విభాగమే దోమల నివారణలో మొదటి విభాగమని నా అభిప్రాయం. రోజూ కాసేపైనా నల్లా వస్తే సగం డ్రమ్ములు వాటంతట అవే బోర్లపడతాయి. అప్పటిదాకా ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. నల్లా వచ్చే రోజే తొట్టి రుద్దే రోజు చేసుకోండి. శుక్రవారం డ్రై డే అని మనం చెప్పినా, ఆ రోజు నీళ్లు రాకపోతే ఉన్న నీళ్లు పారబోయమనడం అన్యాయం. పాత నీళ్లు అడుగంటిన రోజు గోడ రుద్ది, కొత్త నీళ్లు పట్టి, మూతికి చీరముక్క బిగుతుగా కట్టండి. వదులుగా కట్టిన గుడ్డ మధ్యలో కుంగి నీళ్లు నిలిస్తే అక్కడా లార్వాలు పెరుగుతాయి.

12. పొగ బండి కంటే ముందు థర్మామీటరు.

కేసు వచ్చిందనగానే పొగ బండి రమ్మని జనం అడుగుతారు, నాయకులు పంపుతారు. పొగ ఎగిరే దోమల్లో కొన్నింటిని ఆ పూటకు చంపుతుంది. తొట్టిలో ఉన్నవాటిని తాకదు. మూడో రోజుకు కొత్త దోమలు వస్తాయి. 2023లో దేశంలో 2.89 లక్షల డెంగీ కేసులు నమోదయ్యాయి, 485 మంది చనిపోయారు. పొగతో అయ్యే పనైతే ఇంతమంది పోయేవారు కాదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు, వాళ్లపైన ఉన్న జిల్లా అధికారులకు నా విన్నపం ఇది. మీ సర్వే పట్టికలో ఇంకో నాలుగు గడులు కలపండి. నీటి వేడి ఎంత, నీడా ఎండా, అడుగున ఏం పేరుకుంది, ప్యూపాలు ఎన్ని. దొరికిన ప్యూపాలను సీసాలో పెట్టి, రెండు రోజులాగి, వచ్చిన ఆడదోమల రెక్కలు కొలవండి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. జోనల్ ఆఫీసులో ఉన్న మైక్రోస్కోపు చాలు. ఒక వానాకాలం ఇలా రాస్తే, మీ ఊళ్లో ఏ రకం తొట్టి ఎలాంటి దోమను పంపుతుందో మీ చేతిలోనే ఉంటుంది. డెంగీ తేలిన ఇంటికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, తెల్ల పళ్లెం, థర్మామీటరు సంచిలో పెట్టుకుని వెళ్లండి. ఆ ఇంటితో ఆగకండి. ఏడిస్ సాధారణంగా వంద రెండొందల మీటర్లకు మించి ఎగరదు, కాబట్టి ఆ చుట్టుపక్కల ఉన్న ప్రతి సంపు మూతా తెరిపించి చూడండి.